టవర్ కనపడేదాకా

ఊక పొగ పెట్టుడంటే పుల్లమ్మదే చెయ్యి. మామిళ్ళగుంపులో చిన్నాపెద్దా అందరూ ఒప్పుకునే మాట ఇది. కింద పిడకలు పేర్చి, నడుమ రెండు నిప్పు కణికలు పెట్టి, పైన పచ్చి వావిలాకు, యాపాకు కప్పి, ఆ మీద ఊక పోసి అరచేత్తో మెత్తగ అణుస్తది. మంట లేవదు. పొద్దున పెడితే పొద్దు గూకేదాకా పొగ సన్నగ పోతనే ఉంటది. ఆ పొగలో జోరీగ నిలవదు, దోమ నిలవదు. పశువు కండ్లు మూసుకొని నెమరేసుకుంటది. పుల్లమ్మ పెనిమిటి పోయిన కాడ్నించి రెండు బర్రెలే ఆమెకు ఆధారం. వాటిని సాకి బిడ్డను పదో తరగతి దాకా చదివించింది, చర్చిలో పెళ్ళి చేసింది. బర్రెలకు దోమ కుట్టకుండ చూసుడు ఆమెకు పని కాదు, అలవాటు.

రెండువేల ఆరు ఆగస్టులో గోదారి గట్టు దాటి ఊర్లోకొచ్చింది. ముందు కళ్ళాలు మునిగినయ్, తర్వాత పాకలు మునిగినయ్, మూడో రోజుకు చర్చి మెట్లు మునిగినయ్. ఊరు ఊరంతా ఎగువ మిట్ట మీదున్న హైస్కూలుకు ఎక్కింది. మనుషులు గదుల్లో, పశువులు మైదానం చుట్టూ. బూర్గంపాడు పోయే తొవ్వ తెగింది, పాల్వంచ తొవ్వ కిన్నెరసాని వాగు మింగింది. కరెంటు పోయి నాలుగు రోజులాయె. మూడు కిలోమీటర్ల అవతల గుట్ట పక్కన సెల్ టవర్ నిలబడే ఉన్నది గానీ దాని ప్రాణం పోయి ఉన్నది. ఎవరి ఫోనూ మోగదు.

పుల్లమ్మ బిడ్డ మహిమ అప్పుడు పుట్టింట్లనే ఉన్నది. మొదటి కాన్పు, ఎనిమిదో నెల. అల్లుడు జస్టిన్ సత్తుపల్లి బొగ్గు గనిలో పని చేస్తడు. వరద వచ్చే ముందు రోజు ఫోన్ చేసి, "అత్తా, తోలుకపోతా, బండి మాట్లాడిన" అన్నడు.

"ఏందయ్యా, నా బిడ్డను నా చేతుల మీద కననియ్యవా?" అని పుల్లమ్మే ఆపింది.

ఆ మాట తర్వాత ఆమెను చాన్నాళ్ళు తిన్నది. కానీ దాన్ని మించి తిన్నది ఇంకోటుంది.

ఐదో రోజు పొద్దున వాన తెరిపిచ్చింది. తెరిపిచ్చింది గానీ గాలి లేదు. ఆకు కదల్లేదు. మబ్బు కిందికి దిగి మూత పెట్టినట్టుంది. తడిసిన మూడొందల పశువుల మీదికి దోమలు, జోరీగలు గుంపులు గుంపులుగ దిగినయ్. బర్రెలు తోకలు కొట్టుకొని కొట్టుకొని అలిసిపోయి అరుస్తున్నయ్.

"వదినె, నీ బర్రె నా దిక్కు చూసి తిడుతంది. పొగ పెట్టవా ఏంది?" అన్నది జంపక్క. ఆమె కోయగూడెం మనిషి. పుల్లమ్మకు చిన్నప్పటి జతగత్తె, నోరు పెద్దది.

"నా బర్రె నిన్ను చూసి తిట్టక ఏం జేస్తది? ముందుగాల ఊక తే పో."

స్కూలు వెనక రైసుమిల్లాయన ఊక బస్తాలు వేసి పెట్టిండు. పిడకలు వంటగదిలో ఎండుగనే ఉన్నయ్. పుల్లమ్మ ఒక కుప్ప పెట్టింది. ఆమె పెట్టంగ చూసి ఇంకొకరు, వాళ్ళను చూసి మరొకరు. ఆమె అటూ ఇటూ తిరుక్కుంట, "అట్ల కాదే పిల్లా, ఆకు మందంగ వెయ్యి, మంట లేస్తే బర్రె బెదురుతది" అనుకుంట అందరికీ నేర్పింది. తొమ్మిది కొట్టేసరికి మైదానం చుట్టూ పన్నెండు కుప్పలు రాజుకున్నయ్. పశువులు చల్లబడ్డయ్. పుల్లమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకొని ఓసారి చూసుకున్నది. ఆ ఐదు రోజుల్లో ఆమెకు తృప్తిగ అనిపించింది ఆ ఒక్కసారే.

తొమ్మిదిన్నరకు హెలికాప్టర్ వచ్చింది. అప్పటికింకా పొగ పల్చగనే ఉన్నది. మైదానం నడుమ దిగి పులిహోర పొట్లాలు, పాలపొడి దింపిన్రు. అది చిన్న హెలికాప్టర్. ఇద్దరు పైలట్లు. పెద్దాయనను అందరూ కెప్టెన్ సాబ్ అంటున్నరు, ఆయన మాట హిందీ. రెండో ఆయన పేరు శాంతికుమార్. మధిర దిక్కు పిల్లగాడు, ముప్పై ఏండ్లుంటయ్, మన మాటే.

పొట్లాలు దింపుతుండంగనే ఏడో తరగతి గదిలోంచి నర్సు ప్రమీలారాణి ఉరికొచ్చింది. పుల్లమ్మ ముందుగాల చూసింది ఆమె చేతులనే. మోచేతుల దాకా నెత్తురు.

"పుల్లమ్మా, మహిమకు నెత్తురు ఆగట్లేదు. మాయ కిందికొచ్చినట్టుంది. ఇక్కడ నాతోటి కాదు. ఖమ్మం పెద్దదవాఖానాకు పోవాలె. జల్దీ పోవాలె."

శాంతికుమార్ కెప్టెన్‌కు రెండు ముక్కలు చెప్పిండు, ఆయన తల ఊపిండు. బల్ల మీద పరుపేసి మహిమను మోసుకొచ్చిన్రు. పిల్ల మొఖం తెల్ల కాయితం లెక్కుంది. "అమ్మా, చలేస్తంది" అన్నది. పుల్లమ్మ తన చీర కొంగు చింపి ఆమె మీద కప్పింది.

"ఒక్క నర్సమ్మకే చోటుంది అమ్మా. నువ్వు ఆగాలె" అన్నడు శాంతికుమార్.

"నేను ఆగుతా కొడుకా. ముందు నా బిడ్డను తీసుకపో."

అప్పుడు ఆయన వైర్లెస్ చెవికి పెట్టుకొని ఒక చిన్న పుస్తకం తీసిండు. గన్నవరం విమానాల అడ్డాను అడిగిండు, బేగంపేటను అడిగిండు. గాలి ఎటుంది, మబ్బు ఎంత ఎత్తున ఉంది, ఎంత దూరం కనపడుతుంది. అక్కడోళ్ళు చెప్తుంటే పుస్తకంలో రాసుకుంటున్నడు. ఖమ్మంలో విమానాలు దిగే జాగ లేదాయె, అక్కడి సంగతి పోలీసు వైర్లెస్‌లో కనుక్కున్నడు. పుల్లమ్మకు ఈ అడుగుడంతా సతాయింపు లెక్క అనిపించింది.

"ఏందయ్యా ఇంకా? పిల్ల పోయేటట్టుంది, నువ్వు ఊర్లన్నీ కుశలం అడుగుతున్నవ్!"

"గన్నవరంలో ఆరు కిలోమీటర్లు కనపడుతుందంట అమ్మా. ఖమ్మంలో ఎండ కొడుతుందంట. అంతా బాగనే ఉంది" అని ఆయన తలెత్తి టవర్ ఉన్న దిక్కు చూసిండు. చూసి అట్లనే నిలబడిపోయిండు.

టవర్ లేదు. గుట్ట లేదు. స్కూలు ప్రహరీ అవతలున్న నీళ్ళ ట్యాంకు గూడ సగమే కనపడుతంది.

పన్నెండు కుప్పల పొగ గాలి లేక ఎటూ పోలేక, మబ్బు మూత కింద పరుచుకొని, లోయంత నిండింది. మనుషులకు అది దగ్గర్నుంచి తెలియలేదు. పశువుల పొగ కదా, రోజూ ఉండేదే.

"ఇది కండ్లతో చూసి నడిపే బండి అమ్మా. లేస్తే గుట్ట పక్క నుంచే లేవాలె, అక్కడ కరెంటు తీగలున్నయ్. టవర్ కనపడాలె. టవర్ కనపడితే లేస్తం."

"రెక్కలు తిప్పితే పొగ పోదా సారూ?" అని ఎవరో అడిగిన్రు.

"మన కాడిది పోతది. మూడు కిలోమీటర్లది పోదు."

పుల్లమ్మ వినుడు అక్కడితో ఆగిపోయింది. పరుపు మీద పడుకున్న బిడ్డను చూసింది, కుప్పలను చూసింది. గొంతు చించుకొని అరిచింది. "నీళ్ళు పొయ్యుండ్రి! ఆర్పుండ్రి! బిందెలు తేండ్రి!"

మైదానం కిందనే వరద. నీళ్ళకేం కరువు? బిందెలు, బకెట్లు, వంట గిన్నెలు. ఊరంత ఉరికింది. పుల్లమ్మే అందరి కన్న ముందు. తన చేత్తోటి మొదటి కుప్ప మీద నిండు బిందె కుమ్మరించింది.

కుప్ప బుస్సుమన్నది. కొండచిలువ లేచినట్టు తెల్లటి పొగ లేచింది. పక్క కుప్ప బుస్సు, దాని పక్కది బుస్సు. ఊక నిప్పుకు నీళ్ళు పోస్తే పైన తడుస్తది, లోపల మండుతనే ఉంటది. పొగ ఒకటికి నాలుగింతలైతది. ఈ సంగతి ఆ ఊర్లో పాలు తాగే పిల్లకు తప్ప అందరికీ తెలుసు. అందరికన్న ఎక్కువ పుల్లమ్మకు తెలుసు. ఊర్లో కోడలు పిల్లలు ఎవరన్న నీళ్ళ చెంబు పట్టుకొని కుప్ప కాడికొస్తే చెయ్యి మీద కొట్టేది ఆమెనే. కానీ ఆ ఘడియలో ఆమె చేతులు ఆమెవి కావు. తల్లి చేతులు.

"వదినె! మట్టి! మట్టి ఎయ్యాలె గదా వదినె!" అని జంపక్క నెత్తి కొట్టుకున్నది. అప్పటికి పన్నెండు కుప్పలకూ నీళ్ళు పడినయ్.

ఇక కనపడేది లేదు. పదడుగుల్లో ఉన్న హెలికాప్టర్ గూడ నీడ లెక్క అయింది. దగ్గులు, పిల్లల ఏడుపులు. ఎర్రటి బురద మట్టి పారలతోటి, చేతులతోటి ఎత్తి కుప్పల మీద వేసిన్రు. పుల్లమ్మ మోకాళ్ళ మీద కూలబడి పిడికిళ్ళతో బురద రుద్దింది. అరచేతులు కాలి బొబ్బలెక్కిన సంగతి ఆమెకు మర్నాడు గానీ తెలియలేదు. కుప్పలు చల్లారినయ్. లేచిన పొగ మాత్రం మబ్బు కింద వేలాడుతనే ఉన్నది. దానికి తొందర లేదు.

బిడ్డను ఎక్కించిన హెలికాప్టర్ లోపల కెప్టెన్, శాంతికుమార్ గొంతులు పెంచి హిందీలో వాదులాడుకున్నరు. పుల్లమ్మకు ఆ మాటలు అర్థం కాలేదు. ప్రమీలారాణి బిడ్డ నాడి పట్టుకొని ప్రార్థన గొణుగుతంది. పుల్లమ్మ తలుపు కాడ నిలబడి బిడ్డ పాదం పట్టుకున్నది. చల్లగుంది.

"అమ్మా, ఏంది గీ పొగ?" అన్నది మహిమ.

"ఏం లేదు బిడ్డా. పోతంది."

పదకొండు కొట్టంగ కిన్నెరసాని దిక్కు నుంచి ఒక్క గాలి తెర వచ్చింది. ముందు నీళ్ళ ట్యాంకు తేలింది, తర్వాత గుట్ట నెత్తి, ఆనక సన్నగ గీత గీసినట్టు టవర్. శాంతికుమార్ చెయ్యెత్తి బొటనవేలు చూపిండు. పుల్లమ్మ చేతిలోంచి పాదం జారింది. హెలికాప్టర్ లేచి గుట్ట పక్క నుంచి వంగి పోయింది.

మర్నాడు మళ్ళీ వాన, హెలికాప్టర్ రాలేదు. ఏడో రోజు వచ్చింది. దానిలోంచి ప్రమీలారాణి ఒక్కతే దిగింది. ఆమె చేతిలో మహిమ మీద కప్పిన చీర ముక్క ఉన్నది, ఉతికి మడత పెట్టి. పుల్లమ్మ ఆ మడతనే చూసింది. వెచ్చగున్న బిడ్డ కప్పుకున్న బట్టను ఎవరూ అట్ల మడత పెట్టి తేరు.

"ఆడపిల్ల పుట్టింది పుల్లమ్మా. పిల్ల బాగుంది. కోసి తీసిన్రు" అని ప్రమీలారాణి కూలబడి ఏడ్చింది. "మహిమ ఒంట్ల నెత్తురు లేదు. ఎక్కిస్తుంటెనే పోయింది. జస్టిన్ వచ్చిండు. ఇక్కడికి తొవ్వ లేదాయె, నిన్న సత్తుపల్లిలోనే మట్టి చేసిన్రు."

"మట్టి చేసిన్రా" అన్నది పుల్లమ్మ.

"డాక్టరమ్మ ఒక్కటే మాట అనుకుంటనే ఉంది. అరగంట ముందు తెస్తే, అరగంట ముందు తెస్తే అని..." ప్రమీలారాణి అంటూ అంటూ ఆగిపోయింది. ఎవరి ముందు అన్నదో అప్పుడు తెలిసింది ఆమెకు.

పుల్లమ్మ ఏడవలేదు. లేచి పోయి బర్రెలకు గడ్డేసింది. జంపక్క వెనకాలే పోయి, "వదినె, ఓ వదినె, ఒక్కసారన్న ఏడువే. నీకు మొక్కుతా" అన్నది. పుల్లమ్మ గడ్డి దులపరిస్తనే ఉన్నది. ఆ రాత్రి నుంచి పశువులకు పొగ పెట్టలేదు. ఊర్లో ఇంకెవరూ పెట్టలేదు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, అట్లనే మానుకున్నరు. బర్రెలు తెల్లవార్లూ అరిచినయ్.

తొమ్మిదో రోజుకు గోదారి వరద తీసింది. అదే ఆఖరి బియ్యం ట్రిప్పు అన్నరు. శాంతికుమార్ బియ్యం దించినంక గదులన్నీ వెతుక్కుంట వచ్చి, వరండాలో కూసున్న పుల్లమ్మ ముందు నేల మీదనే కూసున్నడు.

"అన్నం తిన్నవా కొడుకా?" అన్నది పుల్లమ్మే.

"తిన్న అమ్మా." చేతిలో ఆ చిన్న పుస్తకం ఉన్నది. "నీకొక మాట చెప్పి పోదామని వచ్చిన. ఊర్లో అందరూ పొగ పొగ అంటున్నరు. నువ్వు గట్ల అనుకోకు. ఆ పొద్దు మమ్మల్ని ఆపింది మబ్బు. కిందికి దిగిన మబ్బు. నేను రాసుకున్న గూడ."

"చదువు."

ఆయన పుట తీసిండు. వేలు పెట్టి చదివిండు. "పది ఇరవై. గన్నవరం ఆరు కిలోమీటర్లు. ఖమ్మం ఎండ. ఇక్కడ... ఇక్కడ మబ్బు, కిలోమీటర్ లోపు."

పుల్లమ్మకు ఇంగ్లీషు రాదు. మిషన్ బడిలో మూడో తరగతి ఆమె చదువు. కానీ అరవై ఏండ్లు మనుషుల మొఖాలు చదివింది. ఆ పిల్లగాడి వేలు ఒక కాడ ఉన్నది, నోరు ఇంకో కాడ ఉన్నది.

"కొడుకా, నువ్వు మంచి తల్లి కడుపున పుట్టినవ్. కానీ రాసింది రాసినట్టు చదువు. అది నా బిడ్డ. ఎట్ల పోయిందో నాకు తెలిసుండాలె. నేను దాని సావు చూడలే, మట్టి చూడలే. ఇదన్న నాకుండనీ. మబ్బు అని చెప్పి ఇది గూడ తీసుకపోకు."

శాంతికుమార్ పుస్తకం దగ్గరికి తెచ్చుకున్నడు. మళ్ళీ చదివిండు. ఈసారి మెల్లగ. "పది ఇరవై. పొగ. కిలోమీటర్ లోపు. పది ఇరవై ఐదు. పొగ పెరిగింది. ఏమీ కనపడట్లేదు. పది నలభై. అట్లనే ఉంది. పదకొండు. ట్యాంకు కనపడుతుంది. పదకొండు ఐదు. టవర్ కనపడింది. లేచినం."

"నలభై ఐదు నిమిషాలు" అన్నది పుల్లమ్మ. పాలు పోసి పోసి ఆమెకు లెక్కలు వేళ్ళ మీద ఉంటయ్.

"అమ్మా, ఇంకోటుంది. పది ఇరవైకే కెప్టెన్ సాబ్ లేద్దామన్నడు. తీగలు ఎక్కడున్నయో గుర్తుంది, గుడ్డిగనన్న లేపుతా అన్నడు. నేను వద్దన్న. టవర్ కనపడలేదు, వద్దన్న. లేస్తే దాటేటోళ్ళమేమో."

పుల్లమ్మ ఆయన దిక్కు చూసింది. నాలుగు రోజుల నుంచి తనొక్కతే మోస్తున్న బరువును ఇంకొకరి నెత్తి మీద పెట్టే సందు దొరికింది ఆమెకు. "నా బిడ్డను నువ్వు ఆపినవా" అనే మాట పండ్ల దాకా వచ్చింది. ఎదురుంగ ఆ పిల్లగాడు తల వంచుకొని ఉన్నడు, కొట్టినా పడతా అన్నట్టు.

"తీగలకు తగిలితే?" అన్నది చివరికి.

"ఐదుగురం పోయేటోళ్ళం. కడుపుల ఉన్న పిల్లతోటి."

"పిల్ల రెండు కిలోలున్నదంట" అన్నది పుల్లమ్మ. "జస్టిన్ కబురు పంపిండు. రేపు తొవ్వ తెరుస్తరంట, పోతున్న." కొంచెం ఆగి, "కనపడలేదు, కనపడలేదన్నవ్. నీది ఏమీ లేదు కొడుకా. నీళ్ళు పోసింది నేను. ఊకకు నీళ్ళు పొయ్యొద్దని తెలిసి పోసిన. అది నాది. నువ్వు మీద వేసుకోకు, నీకు పెండ్లాం పిల్లలుంటరు" అన్నది.

బయట కెప్టెన్ పిలుస్తున్నడు. శాంతికుమార్ లేచి టోపీ పెట్టుకున్నడు. పోబోయేటోణ్ణి పుల్లమ్మ చెయ్యి పట్టి ఆపింది.

"తొవ్వలో నా బిడ్డ ఏమన్న మాట్లాడిందా?"

"లేవంగనే ఒక్కసారి తల ఎత్తబోయింది అమ్మా. కిందికి చూడబోయింది. మా అమ్మ కనపడుతుందా అని అడిగింది."

"నువ్వేమన్నవ్?"

"కనపడుతుంది అన్న. చెయ్యి ఊపుతుంది అన్న."

"నేను ఊపలే కొడుకా. నా చేతులు లేవలే." పుల్లమ్మ ఆయన కండ్లల్లోకి చూసింది. "నిజంగ కనపడ్డనా?"

"లేదమ్మా. అంతా జనమే. ఎవరు ఎవరో తెలియలే."

పుల్లమ్మ తల ఊపింది. "అయితే ఆయె. నా బిడ్డకు మాత్రం మంచిగ చెప్పినవ్" అన్నది. అప్పుడు, తొమ్మిదో రోజున, జంపక్క భుజం మీద పడి ఏడ్చింది. శాంతికుమార్ టోపీ తీసి చేతిలో పట్టుకొని, ఆమె ఏడుపు ఆగేదాకా అక్కడనే నిలబడ్డడు. బయట కెప్టెన్ ఇంకా రెండు సార్లు పిలిచిండు.